కథ తిరిగిచ్చే వంతు

దింకె చేతుల మీద నీళ్ళు పోసేటప్పుడు మాత్రం ఎతాగెన్ చెంబును జానెడు పైకెత్తింది. మిగతా పిల్లలకైతే ఒక చేత్తో మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో నీళ్ళు వంచి, గోళ్ళ సందుల్లో మట్టి కూడా తనే రుద్ది కడుగుతుంది. ఈ పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది. ఎవరూ నేర్పని అలవాటని ఆమె అనుకుంటుంది గానీ, పుట్టినప్పటి నుంచీ చుట్టూ ఉన్నవాళ్ళంతా కలిసి నేర్పిన అలవాటది. దింకెకు ఇవేమీ పట్టలేదు. ఎత్తు నుంచి పడి చిందే నీళ్ళను చూసి నవ్వుకుంటూ చేతులు రుద్దుకుంది.

"అవ్వా, ఇయ్యాల నా వంతు. మా అమ్మ రొట్టె కాల్చింది," అంది, తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ.

"తెలుసులేవే. పోయి కూర్చో," అని ఎతాగెన్ ఖాళీ చెంబును కుండలో ముంచింది.

కాఫీ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట, రేకుల కప్పు వేసిన ఒంటిగది బడి అది. అందులో ఆమె ఆయా. దిగువ వాగు నుంచి నీళ్ళు మోసుకురావడం, మట్టి నేల అలకడం, కారే ముక్కులు తుడవడం ఆమె పని. మనిషి బక్కపలచన. భుజాలు కాస్త ముందుకు వంగి ఉంటాయి. పొయ్యి పొగ తిని తిని ఎడమ కన్ను ఎప్పుడూ నీరు కారుతుంటుంది. కథలో నవ్వొచ్చే చోట కూడా అవ్వ ఏడుస్తుందని పిల్లలకు వేళాకోళం. మొగుడు పోయాడు. పిల్లలు కలగలేదు. ఆమె ఎవరని అడిగితే ఊళ్ళో వాళ్ళు "బడి అవ్వ గదా" అంటారు, ఆ తర్వాత చెప్పడానికి ఏమీ తోచక ఊరుకుంటారు.

కథ చెప్పేటప్పుడు మాత్రం ఆమె వేరే మనిషి. "కథ, కథ" అని ఆమె అనగానే పిల్లలంతా గొంతు చించుకుని "ఆవుల దొడ్డి" అని అరవాలి. దొడ్డి తలుపు తీశాం, నీ కథను తోలుకురా అని దాని అర్థం. కథ ముగిశాక, "నా కథ నాకు తిరిగివ్వండి, నా నోట్లో రొట్టె పెట్టండి" అంటుంది. ముసలివాళ్ళంతా కథ చివర అనే మాటే అది, ఊరికే అని వదిలేస్తారు. ఎతాగెన్ మాత్రం దాన్ని అక్షరాలా పాటించింది. రోజుకొకరు లేచి కథను తిరిగి చెప్పాలి, ఇంటి నుంచి తెచ్చిన రొట్టె తుంచి తమ చేత్తో ఆమె నోట్లో పెట్టాలి. చేతి ముద్ద పెట్టడమంటే మాటలా? దగ్గరివాళ్ళకే పెడతారు, దగ్గరివాళ్ళ చేతే తింటారు. అందుకే పిల్లలు ఆ వంతు కోసం కొట్టుకునేవాళ్ళు. ఆ కొట్లాట తీర్చడానికి ఆమె న్యాయం గురించి ఎన్ని కథలు అల్లిందో లెక్కలేదు. ఒకరి వంతు ఒకరు లాక్కోకూడదు, ఎవరి వంతూ ఎగ్గొట్టకూడదు. ఇది ఆమె పెట్టిన చట్టమే.

ఈ వానలు తగ్గాక దింకె బడిలో చేరింది. అడవి అంచున బొగ్గు కాల్చి అమ్ముకునే మాంజోల పిల్ల. వాళ్ళ తాతముత్తాతలు కోతి మాంసం తిన్నారనీ, అందుకే వాళ్ళ చేతి తిండి ముట్టకూడదనీ ఊరి మాట. ఆ కోతిని చూసినవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. వాళ్ళ బొగ్గు మీద అందరూ వండుకుంటారు, వాళ్ళు మోసుకొచ్చిన కట్టెలతో చలి కాచుకుంటారు, కానీ వాళ్ళు గడప దాటకూడదు. ఏదైనా పెట్టాల్సివస్తే పెరట్లో, ఆకు మీద పెడతారు. మొదటిరోజే నహోమ్ అనే పిల్లాడు దింకెను పట్టుకుని, మీరు కోతిని తింటారంట గదా అని అడిగాడు. అది చిక్కితే గదా తినేది, ఎంత ఉరుకుద్దో చూశావా అంది దింకె. అందరూ నవ్వారు. పిల్లల వరకు ఆ గొడవ అక్కడితో తీరిపోయింది.

ఎతాగెన్‌కే తీరలేదు. కథ తిరిగి చెప్తానని దింకె చెయ్యెత్తిన ప్రతిసారీ ఆమె చూపు ఇంకో మూలకు పోయేది. నువ్వు చెప్పు, కాదు నువ్వు చెప్పు అంటూ రోజులు నెట్టుకొచ్చింది. అలా నెట్టి నెట్టి మిగతా పిల్లల వంతులన్నీ తనే అయిపోగొట్టుకుంది. నిన్న పిల్లలే తేల్చిచెప్పారు, ఇంక మిగిలింది దింకె ఒక్కతేనని. వంతు వంతే గదా అవ్వా అన్నాడు నహోమ్. వాడికి ఆ మాట నేర్పింది ఆమే, కాదంటే ఎట్లా?

చేతులు కడిగించుకున్న పిల్లలంతా లోపలికి వెళ్ళాక కూడా నహోమ్ నానమ్మ జెనెబెచ్ కంచె దగ్గరే నిలబడి ఉంది. భారీ మనిషి, గట్టి గొంతు. అలాంటిది ఈ పొద్దు గొంతు తగ్గించి మాట్లాడింది. ఇద్దరూ ఒకే ఏడు ఈ కొండకు కోడళ్ళుగా వచ్చారు. ఎతాగెన్ మొగుడు మంచాన పడ్డప్పుడు రెండు పూటలా అన్నం మోసింది జెనెబెచ్. అతను పోయాక, ఒంటరిగా ఇంట్లో కూర్చోవద్దని రోజూ మధ్యాహ్నం కాఫీకి పిలుచుకుపోయి, తన ఇంటి ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. ఆ పిలుపు ఈనాటికీ ఆగలేదు. రేపు ఎతాగెన్ కన్నుమూస్తే నీళ్ళు పోసేది, గుండెలు బాదుకుని ఏడ్చేది ఆ ఇంటి ఆడవాళ్ళే. ఆమెకు వేరే ఎవరూ లేరు.

"నహోమ్ గాడు చెప్పాడు, ఇయ్యాల ఆ పిల్ల వంతంట గదా," అంది జెనెబెచ్.

ఎతాగెన్ చెంబును కుండ మీద బోర్లించింది.

"బడికి రానీ, కూర్చోనీ, చదువుకోనీ. నేనేమన్నా అన్నానా? కానీ చేతి ముద్ద వేరక్కా. అది నోట్లోకి పోద్ది."

"పసిపిల్ల, జెనెబెచ్."

"పసిదే. నేనొక్కదాన్నే అయితే చూసీ చూడనట్టు ఊరుకుందును. మా ఆడబిడ్డ ఉంది, తోడికోడళ్ళు ఉన్నారు. నువ్వు అది తిని వచ్చి మా మధ్యన కూర్చుంటే వాళ్ళు లేచిపోతారు. అప్పుడు నేనెవర్ని లేపాలి, నువ్వే చెప్పు." బతిమాలుతున్నట్టు అంది. "పంటి నొప్పి అను. నోరు బాగాలేదను. ఇన్ని కథలు అల్లేదానివి, ఒక్క అబద్ధం ఆడలేవా?"

ఆ మాట పట్టుకుని ఎతాగెన్ లోపలికి వచ్చింది. పంతులు యారెద్ గోడకు బొమ్మ అతికిస్తున్నాడు. రకరకాల పిల్లలు చేతులు పట్టుకుని నిలబడ్డ బొమ్మ. కుర్రవాడు, పట్నం నుంచి వచ్చాడు, మంచివాడు. అందరూ కలిసి మెలిసి ఉండే కథలు చెప్పమ్మా అని ఆమెను అడిగిందీ అతనే. జెనెబెచ్ అన్నదంతా ఎతాగెన్ అతనికి చెప్పింది. మీ ఇష్టం అమ్మా, నేను బలవంతపెట్టను, కానీ పిల్లలు చూస్తారు గదా అన్నాడు. నేను మీ పక్కనే ఉంటానని కూడా అన్నాడు. అది విని ఆమెకు ధైర్యం రాలేదు. అతనికి బదిలీ అవుతుంది, ఇంకో ఊరు పోతాడు. తను ఎక్కడికి పోతుంది?

ఆ పూటంతా ఆమెకు చేతులాడలేదు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. ఒక పిల్ల ముక్కు తుడవబోయి బుగ్గ తుడిచింది. నూలు శాలువా అంచును దవడ మీదుగా తల చుట్టూ కట్టుకుంది, ఎవరైనా అడిగితే పన్ను సలుపుతోందని చెప్పడానికి. ఎవరూ అడగలేదు. మూల కూర్చున్న దింకె తెచ్చుకున్న పొట్లం మీది నుంచి చెయ్యి తీయడం లేదు. ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి. ఏ కథ వస్తుందో తెలియకుండానే తిరిగి చెప్పడం సాధన చేస్తోంది.

బడి వదిలే వేళకు తల్లులు, నానమ్మలు కంచె దాటి కిటికీ దగ్గరికి వచ్చేశారు. మామూలు రోజుల్లో అంత దూరం రారు. జెనెబెచ్ ముందు నిలబడింది, ఆమె భుజం వెనక ఆడబిడ్డ త్సిగె. యారెద్ వాళ్ళకు నమస్కారం చేసి, నల్లబల్ల దగ్గరికి పోయి గుడ్డ అందుకున్నాడు.

"కథ, కథ," అంది ఎతాగెన్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఆవుల దొడ్డి," అని పిల్లలు రేకులు అదిరేలా అరిచారు.

ముళ్ళపంది కథ మొదలెట్టింది. ఎన్నోసార్లు చెప్పిన కథే కనుక నోరు దాని పని అది చేసుకుపోతుందని ఆ కథ ఎంచుకుంది. అడవిలో జడివాన. జంతువులన్నీ ఒక గుహలో దూరి, మంట వేసుకుని, దుంపలు కాల్చుకుంటున్నాయి. ముళ్ళపంది వచ్చి, నాకూ కాస్త చోటివ్వండి అంది. నీ ముళ్ళు మాకు గుచ్చుకుంటాయి, బయటే ఉండు అన్నాయి అన్నీ. దుమ్ములగొండి గొంతుతో ఆ మాట అంటే పిల్లలు పడీ పడీ నవ్వారు. ముళ్ళపంది గుహ వాకిట్లో తడుస్తూ కూర్చుంది. రాత్రి చిరుతపులి వచ్చింది. వాకిట్లో ముళ్ళపంది ఒళ్ళు విదిల్చేసరికి దాని మూతి నిండా ముళ్ళు దిగాయి, కుయ్యోమంటూ పరుగుతీసింది. మనల్ని కాపాడింది గదా అని అప్పుడు జంతువులన్నీ ముళ్ళపందిని లోపలికి పిలిచి, మంట పక్కన కూర్చోబెట్టుకున్నాయి.

"నా కథ నాకు తిరిగివ్వండి," అంది ఎతాగెన్. రెండో సగం నోట రాలేదు.

"నా నోట్లో రొట్టె పెట్టండి," అని పిల్లలే అందుకుని పూర్తిచేశారు.

దింకె లేచి నిలబడింది. పొట్లం గుండెకు అదుముకుని, కళ్ళు మూసుకుని మొదలెట్టింది. వాన చెప్పింది. గుహ చెప్పింది. దుమ్ములగొండి గొంతు ఎతాగెన్ కన్నా బాగా పెట్టింది. కిటికీ దగ్గర ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నీ ముళ్ళు గుచ్చుకుంటాయి, బయటే ఉండు అని చెప్పాక ఊపిరి పీల్చుకుంది. "అప్పుడు ముళ్ళపంది లోపలికి వచ్చేసింది. ముళ్ళు పడుకోబెట్టుకుని మంట కాడ కూర్చుంది. దుంప తింది. అయిపోయింది."

"చిరుతపులిని మర్చిపోయావు," అన్నాడు నహోమ్.

"మర్చిపోలా. చిరుతపులి రాలా."

"రాకపోతే దాన్ని లోపలికి ఎందుకు రానిచ్చారు మరి?"

దింకె కళ్ళు తెరిచి వాడి వంక వింతగా చూసింది. "వాన పడతంది గదా. దానికీ ఆకలేసుద్ది."

"అంతేనా?"

"అంతే."

నహోమ్ సరేనన్నట్టు తలూపాడు. ఇన్నేళ్ళుగా ఎతాగెన్ ఆ కథ చెప్తూ, పిల్లలకు మంచి నేర్పుతున్నానని మురిసిపోయింది. చిరుతపులి రాకపోయుంటే ముళ్ళపంది తెల్లారేదాకా వానలోనే ఉండేదన్న సంగతి ఆమెకు ఒక్కసారీ తట్టలేదు. కాపాడితేనే చోటు ఇస్తామనడం న్యాయమెలా అవుతుంది? ఆమెకు చెప్పలేనంత సిగ్గేసింది.

దింకె పొట్లం విప్పింది. వాడిన ఆకు మధ్యలో కోచో రొట్టె ఉంది. దుంప పులియబెట్టి కాల్చింది. ఒక పక్క కాస్త మాడింది. మూల తుంచి, రెండు వేళ్ళతో పట్టుకుని ఎతాగెన్ ముందుకు వచ్చింది. గోళ్ళ చుట్టూ బొగ్గు మసి. ఎన్ని నీళ్ళు పోసినా వదలని మసి.

ఎతాగెన్ చెయ్యి దవడ మీదికి పోయింది. "పన్ను సలుపుతోందమ్మా," అంది. అనేసింది. కిటికీ దగ్గర జెనెబెచ్ పెద్దగా ఊపిరి వదలడం ఆమెకు వినిపించింది.

దింకె మొహం చిన్నబోలేదు. తుంచిన ముక్కను ఇంకా చిన్నది చేసి, దాన్ని వేళ్ళ మధ్య నలిపి మెత్తబరిచింది. "ఏ పక్క, అవ్వా?" అని అడిగింది. "నొప్పి లేని పక్క పెడతాలే."

యారెద్ నల్లబల్ల తుడుస్తూనే ఉన్నాడు, దాని మీద ఏమీ లేకపోయినా. "అక్కా," అంది జెనెబెచ్ కిటికీలోంచి. అది బెదిరింపులా లేదు. జారిపోతున్నవాళ్ళను పట్టుకోబోయే గొంతు అది. ఎతాగెన్ అటు చూసింది. తను మంచాన పడితే వచ్చే మనిషి అక్కడ నిలబడి ఉంది. ఇటు చూసింది. చాపిన చెయ్యి దింకె ఇంకా దించలేదు.

తల చుట్టూ కట్టుకున్న శాలువా ముడి విప్పుకుని, ఎతాగెన్ నోరు తెరిచింది.

పిల్ల వేళ్ళు పెదవులకు తగిలాయి. నోరు పిడచకట్టుకుపోయి రొట్టె ఎంతకీ దిగలేదు. నమిలింది. మళ్ళీ నమిలింది. ఒంట్లో ఏదో ఎదురుతిరుగుతూనే ఉంది, పెదవి బిగబట్టి మింగింది. ఆ మింగడం అందరూ చూశారు.

"ఉప్పు సరిపోయిందా అవ్వా?" అని అడిగింది దింకె. "ఎక్కువైందేమోనని మా అమ్మ ఒకటే భయపడింది."

"సరిపోయిందమ్మా. మీ అమ్మకు చెప్పు," అంది ఎతాగెన్.

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. తల్లులు లోపలికి రాకుండానే గుమ్మం నుంచి పేర్లు పెట్టి పిలిచి పిల్లలను లాక్కుపోయారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండుననిపించింది ఎతాగెన్‌కు, తిరిగి తనూ ఒక మాట అనేది. వంతే గదా నానమ్మా అని నహోమ్ అడుగుతూనే ఉన్నాడు, జెనెబెచ్ వాడి రెక్క పట్టుకుని పెద్ద అంగలేస్తూ పోయింది. దింకె మిగిలిన రొట్టెను ఆకులో చుట్టి అవ్వ ఒళ్ళో పెట్టి, అడవి దారిన గంతులేసుకుంటూ ఇంటికి పోయింది.

మధ్యాహ్నం ఎతాగెన్ మొహం కడుక్కుని, శాలువా దులిపి కప్పుకుని, రోజూ పోయే వేళకే జెనెబెచ్ ఇంటికి బయలుదేరింది. పోకుండా ఇంట్లో కూర్చోవచ్చు. అలా కూర్చుంటే తప్పు చేశానని ఒప్పుకున్నట్టు అవుతుందని ఆమెకు అనిపించింది. ఇంకో ఆశ కూడా ఉంది. ఇన్నేళ్ళ మనిషి, ఏదో ఒకటి చేస్తుందిలే అని. కొండ ఎక్కుతుంటే కాళ్ళు పీకాయి. పైన మబ్బు దిగుతోంది. వేగుతున్న కాఫీ గింజల వాసన కంచె దాకా వచ్చింది.

పిలవకుండానే లోపలికి పోయే ఇల్లు. ఈ రోజు ఆమె పీట గడపకు ఇవతల, చూరు కింద వేసి ఉంది. లోపల కాఫీ వేళకని పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి పొగ వేసి, ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. త్సిగె తల తిప్పుకుంది. ఎతాగెన్ ఒక్క క్షణం నిలబడి, ఆ పీట మీదే కూర్చుంది.

మొదటి కాఫీ జెనెబెచ్ తనే తెచ్చింది. చేతికి ఇవ్వలేదు, నేల మీద పెట్టింది. వంగినప్పుడు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎట్లా తెరవబుద్ధయిందక్కా నీకు నోరు?" అంది, లోపలివాళ్ళకు వినపడకుండా.

"ఆ పిల్ల చెయ్యి చాపి అట్లా నిలబడింది. నువ్వైనా తెరిచేదానివి."

జెనెబెచ్ ఆలోచించింది. "లేదు," అంది చివరికి. "నేను తెరిచేదాన్ని కాదు." కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది.

ఎతాగెన్ కాఫీ తాగింది. లోపల వాన గురించి, పండుతున్న కాఫీ కాయల గురించి మాటలు సాగాయి. ఆమె కూడా ఒక మాట కలిపింది, దానికి ఎవరూ బదులివ్వలేదు. అవే కప్పులు కడిగి మళ్ళీ పోసే రెండో విడతకు జెనెబెచ్ అందరి కప్పులూ పళ్ళెంలోకి పోగేసుకుని, గడప దాకా వచ్చి, ఎతాగెన్ కప్పు కోసం వంగింది. చెయ్యి సగం దూరం వచ్చి ఆగిపోయింది. వెనక్కి ఒకసారి చూసింది. ఆ కప్పు తీసుకోకుండానే లేచి, పళ్ళెం పట్టుకుని లోపలికి తిరిగింది. కప్పులు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

ఎతాగెన్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి నెమ్మదిగా లేచింది. పీటను గోడకు చేర్చింది. "చల్లగా ఉండండమ్మా," అని లోపలికి వినపడేలా అంది. రోజూ వెళ్ళేటప్పుడు అనే మాటే. ఏడుపు వచ్చింది, ఈసారి రెండు కళ్ళకూ. రేపు మధ్యాహ్నం ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియలేదు. రేపు పొద్దున ఎంతమంది పిల్లలు వస్తారో కూడా తెలియదు. దింకె వస్తుంది, అంతవరకు తెలుసు.

కంచె దాటి, దారి మలుపులో ఆగి వెనక్కి చూసింది. చినుకులు మొదలయ్యాయి. జెనెబెచ్ చూరు కిందికి వచ్చి నిలబడి ఉంది. కప్పు మీదికి వంగింది, లేచింది, మళ్ళీ వంగింది. తర్వాత లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. పిడి లేని ఆ చిన్న తెల్ల కప్పు గడప ఇవతలే ఉండిపోయింది, అడుగున మిగిలిన కాఫీ మడ్డి మీద చూరు నీళ్ళు ఒక్కొక్క బొట్టే పడుతున్నాయి.